నలభై రెండో నంబరు క్రేటు

మా మామ నరసన్న చనిపోయిన ముప్పై ఆరో రోజు, మధ్యాహ్నం సరిగ్గా ఒకటిన్నరకు, సీలు వేసి ఉన్న నలభై రెండో నంబరు క్రేటులో ఆయన ఫోన్ మోగింది.

ఆ వేళకు నేను ఇంట్లో ఉండను. మే, జూన్ నెలలు బదిలీల కాలం. టీచర్లు, బ్యాంకువాళ్ళు, గుమాస్తాలు ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి, ఆదోని నుంచి కడపకు, కడప నుంచి పత్తికొండకు ఇళ్ళు మారుతుంటారు. వాళ్ళకు అట్టపెట్టెల బదులు మూతలున్న ప్లాస్టిక్ క్రేట్లు అద్దెకివ్వడం నా పని. ఇస్తాను, వారంలో వెనక్కి తెచ్చుకుంటాను, కడిగి ఆరబెట్టి ఇంకొకరికి ఇస్తాను. నూట ఇరవై క్రేట్లు, ఒక చిన్న వ్యాను, దాన్ని నడిపే నా భర్త సాయిప్రసాద్. అంతే మా సంస్థ. ఆ రోజు వ్యాను టైరు పంక్చరై మధ్యలో ఇంటికొచ్చాను కాబట్టి వినబడింది.

మా అత్త ఉరుకుందమ్మ క్రేట్ల వరస ముందు చాప వేసుకుని కూర్చుని ఉంది. ఉలిక్కిపడలేదు సరికదా, తల కూడా తిప్పలేదు.

"అత్తా! మామ ఫోన్ మోగుతాంది!"

"రోజూ మోగుతాది. నీకిప్పుడు ఇనపడిందా?"

నేను రెండడుగులు వెనక్కి వేశాను. తర్వాత బుర్ర పనిచేసింది. అది పాత కీప్యాడ్ ఫోను. ఆపేసి పెట్టినా అలారం మాత్రం మోగి తీరుతుంది. మధ్యాహ్నం మాత్ర గుర్తుండటానికి ఒకటిన్నరకు అలారం పెట్టింది నేనే.

"ఉండు, సీలు కోసి ఆపేస్తా."

"ముట్టుకోవద్దు," అంది అత్త. "ఈ పెట్టెలేవీ ఇప్పొద్దని మొదటి నాడే చెప్పినా గదా."

చెప్పింది. అదే నా ఖర్మ.

*

మామ పోయింది మే మూడో వారం, గురువారం. గుండె జబ్బు మనిషి, పోతాడని అందరికీ తెలుసు. ఆ మధ్యాహ్నం నేనూ సాయిప్రసాదూ ఆదోనిలో లోడు ఎక్కిస్తున్నాం. అత్త రెండు వీధుల అవతల చేనేత సొసైటీలో నూలు కోసం వరసలో ఉంది. మామ దగ్గర ఉన్నది మా మరిది గోపీ. రెండున్నర దాటాక వాడే ఫోన్ చేశాడు. "నాయన ఇప్పుడే పోయినాడు వదినా" అన్నాడు.

పంచాంగం చూసిన అయ్యవారు గోపీనే రెండుసార్లు అడిగాడు. "రెండున్నరేనా? సరిగ్గా చూసినావా?"

"రెండున్నరే, సామీ."

"రెండూ పన్నెండు దాకా శ్రవణం. ఆపైన ధనిష్ఠ. పద్దెనిమిది నిమిషాలు ముందు పోయింటే ఏ బాధా లేకపాయె. ఇంగ తప్పదు. ఆరు నెలలు ఇల్లు మూసేయాల."

ధనిష్ఠలో మనిషి పోతే ఆ ఇంట్లో ఎవరూ ఉండకూడదు. తాళం వేసి, గడపకు ముళ్ళకంప అడ్డం పెట్టి వెళ్ళిపోవాలి. నేను వాదించాను. బదిలీల కాలం, బుకింగులు నిండి ఉన్నాయి, క్రేట్లు పెట్టుకునేది ఆ ఇంట్లోని మగ్గం గదిలోనే అన్నాను. అయ్యవారు ఆకాశం వైపు చూశాడు. సాయిప్రసాద్ నేల వైపు చూశాడు. అత్త మాత్రం నా వైపు చూసి, "నీ డబ్బాలకోసం నా బిడ్డల పానాలు తీస్తావా?" అంది.

ఊరందరి ఇళ్ళూ మార్చే నేను, సొంత ఇల్లు మార్చుకోవడానికి సొంత క్రేట్లు నలభై ఆరు వాడుకున్నాను. గిన్నెలు, పరుపులు, మగ్గం విప్పి దాని నాడెలు, అచ్చులు, నూలు కండెలు. ఆదోని రోడ్డులో రెండు గదుల బాడుగ ఇంట్లో వాటిని గోడ పొడుగునా పేర్చాం. రేపటికల్లా ఖాళీ చేసి బయటికి తోలేద్దామని నేను మొదటి సీలు మీద కత్తెర పెట్టాను.

"యాల ఇప్పుతాండావు?" అంది అత్త.

"సామాను సర్దుకోవల్ల గదా అత్తా."

"ఆరు నెలలకు మళ్ళా కట్టాల్సిందే గదా. యాల ఇప్పేది, యాల కట్టేది? రెండు గిన్నెలు, రెండు పడకలు బయట ఉండాయి. చాలు."

కత్తెర పక్కన పెట్టాను. నా ప్రతి క్రేటు మూత మీదా ఎర్ర అక్షరాలతో అచ్చు వేయించాను: ఏడో రోజుకు ఖాళీ చేసి అప్పగించవలెను. ఆదోనిలో ఒకావిడ ఎనిమిదో రోజు దాకా క్రేటులో కోడిని పొదగేసి ఉంచితే ఆమెతో వీధిలో నిలబడి పోట్లాడాను. పత్తికొండలో ఒకాయన వాటిని టమోటా మార్కెట్టుకు తోలబోతే చక్రాల కింద కూర్చున్నాను. అలాంటి నేను, నా ఇంట్లోనే నెల రోజులకు పైగా నలభై ఆరు క్రేట్ల మధ్య పక్కకు తిరిగి నడుస్తున్నాను.

అత్తకు వాటిని విప్పనివ్వకపోవడం ఒక్కటే పని. అది కాక ఇంకొకటి. గోపీ ఎప్పుడు కనబడినా ఒకే ప్రశ్న అడిగేది.

"నాయన నన్ను అడిగినాడా రా? ఆఖర్లో?"

"లేదుమా. మాత్ర ఏసుకున్యాడు, పండుకున్యాడు, పోయినాడు."

"నన్ను పిలిచుంటే నూలు యాడన్నా పడేసి ఉరికొస్తాంటి."

వాడు తల వంచుకుని బయటికి పోయేవాడు.

*

ఫోన్ మోగిన మర్నాడు పొద్దున ఆదోని బ్యాంకు నుంచి నాగలత ఫోన్ చేసింది. కడపకు బదిలీ అయింది. ఆమె ఒక్కదానికే కాదు, ఆ శాఖలో నలుగురికి అయింది. నలుగురికీ నా పేరే చెప్పింది.

"హేమావతిగారూ, ఆదివారానికి తొంభై కావాలి. ఉన్నాయి కదా?"

బయట తిరుగుతున్నవి పోను నా దగ్గర యాభై ఉన్నాయి. మిగతావి మా అత్త వీపు వెనక ఉన్నాయి.

"ఉన్నాయి మేడం," అన్నాను.

"లేవంటే ఇప్పుడే చెప్పండి. అట్టపెట్టెలు చూసుకుంటాం. పోయినసారి అట్టపెట్టె అడుగు ఊడి మా గ్రైండరు మెట్ల మీద దొర్లింది. ఇంకా ఆ చప్పుడు నా చెవుల్లో ఉంది."

"ఉన్నాయి మేడం. ఆదివారం ఏడింటికల్లా మీ వాకిట్లో ఉంటాయి."

ఫోన్ పెట్టేసి అత్తను చూశాను. ట్యాంకరు వచ్చింది. అత్త బిందె తీసుకుని వీధిలోకి పోయింది. నేను కత్తెర తీసుకున్నాను.

మొదట నలభై రెండే కోశాను. ఆ అలారం ఆపితేగానీ ఆమె చాప మీదనుంచి లేవదని అర్థమైపోయింది. క్రేటులో మామ పంచెలు, కళ్ళజోడు, వాటి మధ్య ఫోను. దాని కింద మాత్రల డబ్బా. గోపీ సర్దిన క్రేటు అది. వాడు ఏదీ చూసి సర్దడు, మంచం మీద ఉన్నది ఉన్నట్టు ఎత్తి వేస్తాడు.

ఆ డబ్బా నేను కొన్నదే. ఏడు రోజులకు ఏడు వరసలు, వరసకు మూడు గడులు. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి. ఆదివారం ఆదివారం నేనే నింపేదాన్ని. మూతలు ఒక్కొక్కటిగా తెరిచాను. సోమవారం ఖాళీ. మంగళవారం ఖాళీ. బుధవారం ఖాళీ. గురువారం పొద్దున గడి ఖాళీ.

గురువారం మధ్యాహ్నం గడిలో మాత్ర ఉంది.

తెల్లటి చిన్న మాత్ర. దాన్ని అరచేతిలో వేసుకున్నాను.

మామ మాత్ర మానే మనిషి కాదు. అలారం మోగి ఆగేలోపు నోట్లో పడేది. ఒకసారి మేం మరిచిపోయి నీళ్ళు పెట్టకపోతే చప్పరించి మింగాడు. ఒకటిన్నరకు అలారం మోగింది, ఆయన మాత్ర వేసుకోలేదు. అంటే ఒకటిన్నరకు ఆయన లేడు.

రెండూ పన్నెండు దాకా శ్రవణం.

ధనిష్ఠ లేదు. ఆరు నెలలు లేవు. ముళ్ళకంప లేదు. ఈ నలభై ఆరు క్రేట్లు ఇక్కడ ఉండాల్సిన పనే లేదు. ఎవరో నా సీజన్ మొత్తం మింగేశారు.

*

సాయిప్రసాద్ పంక్చరు షాపులో టీ తాగుతున్నాడు. మాత్ర చూపించి చెప్పాను. ఆయన టీ పూర్తి చేశాడు.

"అయితే ఇంటికి పోవచ్చా?"

"అది కాదప్పా! ఎవరో అబద్ధం చెప్పినారు!"

"ఎవరు?"

"నువ్వేమన్నా చెప్పినావా?"

"నేను నీ పక్కనే ఉంటి గదే. ఆదోనిలో బీరువా మోస్తాంటి. నడుం ఇంకా నొస్తాంది."

అదీ నిజమే. ఆయన అబద్ధం చెప్పడానికి కూడా ఎవరైనా తోసి లేపాలి.

"అమ్మకు చెప్పేద్దాం పా," అన్నాడు.

"ఈ మాత్ర చూపించి చెప్తే నమ్ముతాదా? మరిచిపోయి ఉంటాడంటాది. అయ్యవారు అసలే ఒప్పుకోడు. పక్కనున్న మనిషి నోటితో చెప్పల్ల. ఆ మనిషి మీ తమ్ముడే."

గోపీ మీద నాకు అనుమానం రావడానికి కారణం ఉంది. బస్టాండు దగ్గర జిరాక్సు షాపు పెట్టినప్పటినుంచి వాడికి ఇల్లంటే లెక్కలేదు. ఈ మట్టి మిద్దె పడగొట్టి కాంప్లెక్సు కడదామని పండగకొకసారి మాట ఎత్తేవాడు. ఆరు నెలలు ఇల్లు ఖాళీగా ఉంటే అమ్మ మనసు మారుతుందని అనుకుని ఉండొచ్చు.

నేను పోయేసరికి జిరాక్సు షాపులో జనం ఉన్నారు. ఆధార్ కార్డుల కట్ట మీద మాత్ర పెట్టాను.

"ఏంది వదినా ఇది?"

"మీ నాయనకు నువ్వు వేసిన మాత్ర."

వాడు దాన్ని చూశాడు. మిషను మీద కాగితం వస్తూనే ఉంది, వాడు తీయడం మానేశాడు.

"ఎన్ని గంటలకు పోయినాడు గోపీ?"

"రెండున్నర."

"నాకు ఇంగొకసారి అబద్ధం చెప్పినావంటే ఈడనే, నీ గిరాకీల ముందే అడుగుతా."

వాడు నన్ను షట్టరు పక్కకు లాక్కుపోయాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నేను లేను వదినా."

"లేవా?"

"పన్నెండుకు షాపుకు వచ్చేసినా. పిల్లోళ్ళకు హాల్ టికెట్లు ఆ పొద్దే ఆఖరు. నాయన దగ్గర చిచ్చాను కూర్చోమన్నా. రెండున్నరకు చిచ్చా ఫోన్ చేసినాడు. ఉరికినా. నాయన ఒళ్ళు..." వాడు ఆగాడు. "సల్లగుండె. నాకు తెల్దు వదినా, అట్లనే ఉంటాదేమో అనుకున్యా. నాయన పోయేటప్పుడు నేను జిరాక్సులు తీస్తాంటి అని అమ్మతో ఎట్ల చెప్పేది? మాత్ర నేనే ఏసినా, పక్కనే ఉన్యా అని చెప్పేసినా."

"రెండున్నర అని నీకు చెప్పింది ఎవరు?"

"చిచ్చానే."

*

చిచ్చా అంటే పీర్ బాషా. మూసేసిన మా ఇంటికి పక్కిల్లు. మగ్గాలు చేసే వడ్రంగి. మా ఇంట్లో మగ్గం ఆయన చేసిందే, మామతో నలభై ఏళ్ళ స్నేహం. మా ఇంట్లో అందరూ ఆయన్ను చిచ్చా అనే పిలుస్తారు, అత్త ఒక్కతే బాషన్నా అంటుంది. మామ పోయిన రోజు మా ఇంటి అరుగు మీద కూర్చుని ఎవరితోనూ మాట్లాడని మనిషి. ఆయనకు అబద్ధమెందుకు? నా క్రేట్ల మీద ఆయనకేం పగ?

ఒక్క విషయం గుర్తొచ్చింది. మూడేళ్ళుగా ఆయన మా మిద్దె గురించి నస పెట్టేవాడు. మామ బాగున్నప్పుడు ఏటా వానలకు ముందు పైకెక్కి, కప్పు కారకుండా చౌడు మట్టి పరిచేవాడు. మంచాన పడ్డాక ఎవరూ ఎక్కలేదు. చిచ్చా వచ్చి మగ్గం గదిలో దూలం కింద ఊతంగా ఒక కట్టె పోటు పెట్టి, "ఇది ఇంగ నమ్మకం లేదు, ఖాళీ చేయండి, మారుస్తా" అనేవాడు. అత్త నవ్వేది. "మగ్గం మీద పడుగుండాది బాషన్నా. ఇది దిగనీ, చూద్దాం." ఆ పడుగు దిగేలోపు ఇంకో పడుగు ఎక్కేది. ముప్పై ఏళ్ళలో ఆ మగ్గం ఖాళీగా ఉన్న రోజు నేనైతే వినలేదు.

చిచ్చా ఇంటికి పోయాను. ఆయన భార్య దౌలత్ బీ వాకిట్లో మిరపకాయలు తొడిమలు తీస్తోంది.

"చిచ్చా యాడ?"

"పనికి పోయిండాడు."

"యాడ పని?"

ఆమె మిరపకాయల మీద ఇంకా కిందికి వంగింది. అప్పుడు చప్పుడు వినిపించింది. టక్, టక్, టక్. ఉలి మీద సుత్తి. అది మా ఇంట్లోంచి వస్తోంది.

ముళ్ళకంప పక్కకు జరిపి ఉంది. తాళం లేదు. నెల రోజులుగా గడప తొక్కని ఇంట్లోకి, ధనిష్ఠనీ శ్రవణాన్నీ పట్టించుకోకుండా దూసుకుపోయాను.

మగ్గం గదిలో ఎనిమిది పోట్లు నిలబెట్టి ఉన్నాయి. లారీ జాకీ ఒకటి. మధ్య దూలం నేల మీద పడి ఉంది. మగ్గం గుంట పక్కన, సరిగ్గా అత్త కూర్చునే చోట. దూలం లేని చోట ఆకాశం బెత్తెడు కనబడుతోంది. కొత్త వేప దూలాన్ని చెక్కుతూ చిచ్చా ఒక్కడే ఉన్నాడు. అరవై ఐదేళ్ళ మనిషి, తల నిండా మా మిద్దె మట్టి.

నన్ను చూసి లేవలేదు. ఉలి పక్కన పెట్టాడు.

"ఇది ముట్టుకో," అన్నాడు, పాత దూలం చూపించి.

వేలు పెట్టాను. వేలు లోపలికి పోయింది. చెదలు తిని వదిలేసిన డొల్ల. పైన రంగు తప్ప కట్టె లేదు.

నాకు కోపం తగ్గలేదు. తగ్గి ఉంటే బాగుండేది.

"నలభై ఆరు క్రేట్లు చిచ్చా! నా సీజన్ అంతా పోయింది. ఆదివారానికి తొంభై ఇస్తానని మాటిచ్చినా. మా అత్త రోజూ పెట్టె ముందు కూర్చోని, సచ్చిన మనిషి అలారం వింటాంది. ఈ మాత్ర చూడు. గురువారం మధ్యాహ్నం మాత్ర. ఎన్ని గంటలకు పోయినాడు మామ?"

ఆయన నా అరచేతిలోని మాత్రను చూశాడు. మొలలోంచి గుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు. మట్టి ఇంకా అంటుకుంది.

"మాత్ర సంగతి నాకు తట్టలే," అన్నాడు. "అన్నీ ఆలోచించినా. అదొక్కటి తట్టలే.

"ఒకటీ ఇరవైకి పోయినాడమ్మా. నేనే చెప్పింది అబద్ధం. గోపీని ఏమనొద్దు, వానికి తెల్దు. మీ మామ పోయే వారంలోనే కేలండర్ తెప్పించుకోని చూసినాడు. 'ఒరే బాషా, గురువారం మధ్యాహ్నం మీద ధనిష్ఠ వస్తాది, అందులో పోతే ఆరు నెల్లు ఇల్లు ఖాళీ, నువ్వు తీరిగ్గా దూలాలు మార్చొచ్చు' అని నవ్వినాడు. నేను తిట్టినా. మూడేండ్లు చెప్పినా, ఉరుకుందమ్మ ఇన్లే. మగ్గం ఖాళీ కాలే. ఇంగ ఏం చెప్తే కదులుతాది ఆమె? ఈ పొద్దు నువ్వు పోయి శ్రవణమే అని చెప్పు, రేపు పొద్దునకే వచ్చి ఆ గుంటలో కూర్చుంటాది. చూడు, పైన ఏముండాదో.

"అది కాదు నేను చెప్పేది. వేరే ఉండాది. ఆయన ఆఖర్న నా చెయ్యి పట్టుకోని, 'ఉరుకుందును పిల్చరా' అన్యాడు. లేసినా. గడప దాక పోయినా. తిరిగి చూస్తే కండ్లు నిలబడిపోయిండాయి. నేను వీధిలోకి ఉరకల్ల. రెండు వీధులే. కేక వేస్తే ఇనపడేంత దూరం. గోడ మీద కేలండర్ కనపడె, ధనిష్ఠ ఇంకా రాలే. వాకిలి దగ్గరకేసినా. వచ్చి ఆయన పక్కన కూర్చున్యా. ఒకటిన్నరకు అలారం మోగె. నేనే ఆపినా. గంటా పది నిమిషాలమ్మా. నలభై ఏండ్ల దోస్తు పక్కన సచ్చి పడుంటే, ఏడ్వకుండా, ఎవ్వరినీ పిల్వకుండా, గడియారం ముల్లు చూసుకుంటా కూర్చున్యా నేను. ఆయన చెయ్యి నా చేతిలోనే సల్లబడె.

"మిద్దెకు నేను సంజాయిషీ చెప్పను. దీనికే. పెండ్లాన్ని పిల్చమన్యాడు, నేను పిల్వలే. ఆమె రోజూ అడుగుతాందంట గదా, నన్ను అడిగినాడా అని. అడిగినాడమ్మా. ఈ రెండు దూలాలు ఎక్కేదాక ఆగు. ఇరవై దినాలు. ఆపైన నేనే వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూర్చోని చెప్తా."